గేదె కాల్షియం, గొల్యాతు కాళ్లు

గొల్యాతు ఆ ఉదయం గేటు దాకా రాలేదు. నాలుగు నెలల గ్రేట్ డేన్ కూన. నాన్న సైకిలు స్టాండు తీసిన చప్పుడుకే రోజూ పరుగెత్తేవాడు. ఆ రోజు వసారాలో పడుకొని తోక మాత్రం ఆడించాడు. లేపబోతే, ముందుకాళ్లు నేలకు ఆనగానే కుయ్యిమన్నాడు. మణికట్లు వాచి, వేడిగా ఉన్నాయి. థర్మామీటరు పెట్టాను. నూట నాలుగు. కుక్కకైనా అది జ్వరమే.

ఇది ఆరేడేళ్ల కిందటి మాట. మాది మలికిపురం దగ్గర పల్లె. నాన్న స్కూలు మాస్టారు. బైబిల్లో వడిసెల రాయి తగిలి కూలిన మహాకాయుడి పేరు వాడికి పెట్టింది ఆయనే. నేను అప్పుడే మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాను. కూన ఏం తిన్నదీ, కొబ్బరి కొట్టు కాటా మీద వారం వారం ఎంత తూగిందీ నోటుబుక్కులో రాసేవాణ్ణి.

పక్కింటి సూరిబాబుగారు గోడ మీంచి తొంగిచూశారు. "గొల్యాతు పడ్డాడా? రాయెవరు విసిరేరండి, మాస్టారూ?"

మూడో రోజుకి వాడు నీళ్లకు కూడా లేవలేదు. అప్పుడాయనే గొంతు తగ్గించి, "నొప్పి తెలీకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించేయండి బాబూ. అంత శరీరాన్ని కాళ్లు లేకుండా ఎలా సాకుతారు?" అన్నారు.

రాజోలులో పశువుల డాక్టరుగారు చూసి ఎక్స్-రే కావాలన్నారు. అమలాపురంలో మనుషులకు తీసేచోటే తీయించాలి. అక్కడి టెక్నీషియన్ పుస్తకం తెరిచాడు.

"పేషెంటు పేరండీ?"

"గొల్యాతు."

"వయసు?"

"నాలుగు నెలలండి."

తలెత్తి, మేం కూనను తెచ్చిన అద్దె వ్యాను వైపు చూశాడు. "ఆయ్" అని అలాగే రాసుకున్నాడు.

రాజోలు తిరిగొచ్చాక డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకు ఎత్తిపట్టారు. "ఎముక పెరిగే చోటు ఇది, గ్రోత్ ప్లేట్. దాని పక్కన ఈ గీత చూసేరా? హెచ్.ఓ.డి. అంటారు, పెద్దజాతి కూనల ఎముకలకొచ్చే జబ్బు." నేను గర్వంగా నోటుబుక్కు అందించాను. ఆయన మూడో పేజీ దగ్గర ఆగారు.

"ఈ కాల్షియం ఎవరు రాసేరండి?"

"నేనేనండి. మా గేదెకి పోసే సీసా. లేబుల్ మీద దూడకి చెప్పిన డోసుని బరువు ప్రకారం లెక్కేసేను. పెద్దజాతి కదాని రెట్టింపు చేసేను."

"లెక్క బానే ఉంది. కానీ ఇది దూడ కాదండీ. ఇలాంటి కూనలు ఎక్కువైన కాల్షియాన్ని బయటికి తోసెయ్యలేవు. జబ్బుకి ఇదొక్కటే కారణమని చెప్పలేను. ముందు ఇది ఆపండి."

నొప్పికి మందు, కొలిచిన తిండి, మెత్తటి పక్క. "మూడు వారాలు చూద్దాం. అప్పటికీ లేవకపోతే మాట్లాడుకుందాం" అన్నారు.

గోనెసంచుల్లో కొబ్బరిపీచు కూరి పరుపు కుట్టాం. రెండేసి గంటలకోసారి వాణ్ణి ఇంకో పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ఎనిమిదో రోజున జ్వరం దిగింది, నాలుగడుగులు వేశాడు. పదకొండో రోజున మళ్లీ జ్వరం, మళ్లీ వాపు.

నాకెందుకో అనుమానం వచ్చింది. ఆపిన రోజే కాల్షియం సీసా మీద పెన్సిలుతో గీత పెట్టాను. మందు ఆ గీతకు వేలెడు కిందికి ఉంది. అమ్మ వైపు చూశాను.

"ఎముకల నొప్పికి కాల్షియం మానేయమంటారేంట్రా?" అమ్మ కళ్లు తుడుచుకుంది. "పూటకో చెంచా పాలల్లో కలిపేను."

ఆ సీసా మూత మొదట తీసింది నేను. అమ్మే దాన్ని తీసుకెళ్లి కొబ్బరిచెట్టు మొదట్లో ఒంపేసింది.

ఇరవయ్యో రోజు పొద్దున నాన్న పెసరట్టు తుంచబోతుంటే, బల్ల అంచున నల్లటి మూతి ఒకటి ఆనింది. నాలుగు కాళ్ల మీదా నిలబడ్డ గొల్యాతు మూతి. అట్టు మాయమైంది. నాన్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఇంకోటి వెయ్యవే, వీడికీ!"

"వాడికొద్దండీ, డాక్టరుగారి లిస్టులో లేదు!" అంది అమ్మ, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

ఇప్పుడు వాడికి ఏడేళ్లు. అరవై రెండు కేజీలు. ముందు పాదాలు కాస్త పక్కకు తిరిగి ఉంటాయి, అంతే. సాయంత్రం కాలవగట్టు మీద తిప్పేది సూరిబాబుగారే. "మా గొల్యాతు" అని అందరికీ చెబుతారు.

పెద్దజాతి కూనను పెంచేవాళ్లకు ఒక్క మాట. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు, మంచిదనుకొని పెడుతున్నవన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ఒక్కరే రాయకండి, తినిపించే ప్రతి చేతితోనూ రాయించండి. మా నోటుబుక్కులో పదకొండో రోజు నుంచి అమ్మ చేతిరాత ఉంది.