మంచి చేతికి తొడుగు

పోయిన నెల మా చెల్లెలి మనవణ్ణి కోలారులో కాళ్లూ చేతులూ సరిగ్గా ఆడని పిల్లలకు వ్యాయామం నేర్పే చోటికి తీసుకుపోయాం. అక్కడ ఒక అమ్మాయి నవ్వుతూ కాగితాలు ముందు పెట్టి, ఇదొక పరిశోధన అనీ, బిడ్డ ఆడుకుంటుంటే వీడియో తీస్తామనీ, ఒప్పుకుంటే సంతకం చేయమనీ చెప్పగానే, మా చెల్లెలి కోడలు ఒక్క అక్షరమైనా చదవకుండా సంతకం గీకి ఫోనులో మునిగిపోయింది. నేను మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, ఆ వీడియో ఎవరెవరు చూస్తారని అడిగి, చెప్పిన జవాబు నచ్చక మళ్లీ అడిగి, ఆ అమ్మాయి నవ్వు కాస్త తగ్గాక గానీ ఊరుకోలేదు. నాకు అనుమానం ఎక్కువని మా వాళ్లందరూ అంటారు. ఉండదా మరి? నా ఈడు వాళ్లకు వేరే చెప్పాలా, ఎవరైనా ఊరికే మేలు చేస్తామంటే మనం ముందూ వెనకా చూసుకునే వాళ్లం.

మా అమ్మాయికి నాలుగో ఏడు వచ్చినా కుడిచేతి పిడికిలి విడేది కాదు, ఆ చెయ్యి ఎప్పుడూ రొమ్ముకు అతుక్కునే ఉండేది. తినడం, ఆడడం, అన్నీ ఎడమచేత్తోనే. అప్పట్లో మాది కోలారుకూ ఊరిగాముకూ నడుమ ఒక పల్లె, రాగి చేను, రెండావులు, పట్టుపురుగుల పెంపకం మా బతుకు. ఊరిగాంలో పాత బంగారు గనుల కంపెనీ ఇళ్ల వరసలో ఇలాంటి పిల్లలకు సాయం చేసే కేంద్రం ఒకటి ఉందని విని మా ఆయన అక్కడికి తీసుకుపోయారు. బాగున్న చేతికి గుడ్డ తొడుగు వేసి పగటిపూట కట్టిపెడితే దారిలేక రెండో చెయ్యి పని నేర్చుకుంటుందనీ, కొన్ని వారాలు అలా చేసి చూడడమే తన పరిశోధన అనీ, మధ్యలో మానేస్తే ఆ బిడ్డను లెక్కలోంచి తీసేయాల్సి వస్తుందనీ అక్కడి డాక్టరమ్మ చెప్పింది. నేను నోరు తెరిచేలోపల మా ఆయన సరేననేశారు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అత్త గడప మీద కూలబడింది. "ఉండే ఒక్క చెయ్యీ కట్టేస్తే బిడ్డ యాడికి పోవాల?" అంది. నాకూ లోపల అదే భయం. రానిది ఎలాగూ రాలేదు, ఉన్నదీ పాడవుతుందేమోనని నిద్ర పట్టేది కాదు. పైగా ఆ డాక్టరమ్మ వారానికోసారి కెమెరా పట్టుకుని మా ఇంటికే వచ్చేది. వచ్చి, మీ ఇంట్లో ఏ పని జరుగుతుంది, బిడ్డ ఏది చూస్తూ పెరుగుతోంది అని అడిగి, పురుగులు గూళ్లు అల్లుకునే వెదురు చంద్రికల మీద పట్టుగూళ్లు చూసి, వాటిని బిడ్డ కుడిచేత్తో తీయాలి, గట్టిగా పట్టుకుంటే నలుగుతాయి గనక మెల్లగా పట్టుకోవడం దానంతటదే వస్తుంది అని తేల్చింది. పట్టు దారం తీసే చోట్ల పిల్లల చేత పని చేయిస్తున్నారని అధికారులు వచ్చిపోతున్న రోజులవి. మా బిడ్డ గూళ్లు తీస్తుంటే ఈవిడ ఫిల్ము తీసి ఎవరికి చూపిస్తుందో ఎవరికి తెలుసు? అందుకని ఆవిడ వచ్చినప్పుడల్లా కాఫీ ఇచ్చి, పక్కనే కూర్చుని, కెమెరా ఎటు తిరిగితే అటు చూసేదాన్ని.

ఒకరోజు ఆవిడే నన్ను అనుమానంగా చూసింది. తొడుగు చేతిలోకి తీసుకుని, పగలంతా వేసుకుంటే తిండి మరకైనా లేకుండా ఇంత తెల్లగా ఎలా ఉందమ్మా అని అడిగింది. ఎవరో విప్పేస్తున్నారు. నేను కాదు, అయితే ఇంకెవరు, మా అత్తే. ఆ రోజు నుంచి ఆవుకు పాలు పిండుతూ కూడా ఒక కన్ను ఆమె మీదే వేసేదాన్ని. ఆమె ఊరుకుందా, విప్పేది నేనే అనుకుని నా వెనకాలే తిరిగింది. ఆ ఇంట్లో మేమిద్దరం అంత దగ్గరగా మసలింది అప్పుడే అనుకుంటాను.

తీరా చూస్తే దొంగ మా ఆయన. ఒక మధ్యాహ్నం మల్బరీ తోటకని వెళ్లినదాన్ని కొడవలి మరిచిపోయి వెనక్కి వస్తే, ఆయన పశువుల కొట్టం గుమ్మంలో అడ్డంగా నిలబడి దారి చూస్తున్నారు. తొడుగు చొక్కా జేబులో ఉంది. లోపల బిడ్డ ఎడమచేత్తో రాగిముద్ద పప్పుసారులో అద్దుకుని ఆబగా తింటోంది. నాకు ఒళ్లు మండింది. ఒప్పుకున్నది ఆయన, మమ్మల్నిద్దర్నీ ఒకరి మీద ఒకర్ని కాపలా పెట్టి తమాషా చూసిందీ ఆయనే. అడిగితే తల వంచుకుని, "ఇంగేం చేసేది? కుడిచేత్తో నోటికి చేరేలోగా చల్లారిపోతా ఉండాది. ఒక పూటన్నా కడుపు నిండా తిననీ" అన్నారు.

డాక్టరమ్మతో ఉన్నదున్నట్టు చెప్పేశాను, బిడ్డను లెక్కలోంచి తీసేస్తుందేమోనని భయపడుతూనే. ఆవిడ, అయితే తిండి వేళ తొడుగు వద్దు, పనివేళ మాత్రం ఎవరూ విప్పకండి, నా లెక్కల్లో కూడా అలాగే రాసుకుంటాను అంది. అంత సులువుగా ఒప్పుకుందంటే ఇందులో ఏదో ఉందని నాకు అనుమానం వచ్చింది గానీ, ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

గూళ్లు చాలానే నలిగాయి. తర్వాతి పంటకు ఒక రోజు బిడ్డ కుడిచేత్తో ఒక గూడు తీసి తన అవ్వ చేతిలో పెట్టింది. మా అత్త దాన్ని చెవి దగ్గర ఆడించి, లోపల పురుగు చప్పుడు సరిగ్గా ఉందో లేదో విని, అమ్మకానికి పోయే గూళ్ల బుట్టలో వేసింది. మా ఆయన గబగబా బయటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ మల్బరీ తోటలో టమాటా వేస్తున్నారు. అత్తా లేదు, ఆయనా లేరు. నేను మాలూరులో మా అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. తను ఫ్యాక్టరీలో పని చేస్తుంది, కుడిచెయ్యి కాస్త నిదానమేగానీ పని చెడనివ్వదు. కోలారు నుంచి వచ్చిన రోజు ఆ సంగతులు గుర్తున్నాయా అని అడిగాను. తొడుగు గుర్తు లేదట, డాక్టరమ్మ గుర్తు లేదట, గూళ్లు తీసిన జ్ఞాపకమే లేదట. నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడితే, ఆ వీపు చూస్తూ వేడివేడి ముద్ద తిన్నది మాత్రం నిన్న మొన్నటిలా ఉందట. ఆయన అక్కడ నిలబడి దారి చూసింది నేను వస్తున్నానేమోనని. ఇప్పుడు ఏ పొద్దున వెళ్లి ఏ వేళకు వచ్చినా, నేను వస్తున్నానేమోనని గుమ్మంలో నిలబడి చూసే మనిషి లేరు.