నాపరాతి బేస్ బాక్సు

పెళ్ళయి నేను గురజాల కాపురానికి వచ్చేసరికి మా ఆయనకు రెండు కోరికలుండేవి. ఒకటి ఆఫీసులో హెడ్ గుమాస్తా కావడం. అది ఆయన చేతిలో లేదు. రెండోది ఇంట్లో సొంతంగా బేస్ బాక్సు తయారుచేయడం. అది తన చేతిలో పనేనని ఆయన అనుకున్నారు.

ఎనభైల నాటి మాట. టేప్ రికార్డర్లు అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్నాయి. మా ఇంట్లోనూ ఒకటుండేది, పాట శుభ్రంగా వినిపించేది. అయితే మాచర్లలో ఆయన స్నేహితుడొకరి ఇంట్లో పాట వింటుంటే గుండెల మీద ఎవరో డప్పు కొట్టినట్టుందట. బేసంటే అదేనట. అక్కడినుంచి తిరిగొచ్చిన రోజు మొదలు మా టేప్ రికార్డర్‌ను, అది మా పుట్టింటివాళ్ళు పెట్టింది కాబట్టి దాంతోపాటు నన్నూ, కాస్త చిన్నచూపు చూడసాగారు.

ఈ వ్యవహారంలో ఆయనకు తోడు మా ఆడపడుచు భర్త. నాకు అన్నయ్య వరస. ఆయనకో రాళ్ళ లారీ ఉండేది. లారీ తిప్పినవాడికి తెలియని యంత్రం ఉండదని అన్నయ్య నమ్మకం. డిగ్రీ చదివినవాడికి తెలియని సూత్రం ఉండదని మా ఆయన నమ్మకం. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే ఇక మూడో మనిషి చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.

ఆ మోత పుట్టించే పెద్ద స్పీకర్లు, అంటే వూఫర్లు, కొనడానికి నరసరావుపేట వెళుతూ నన్నూ బయలుదేరమన్నారు. ఎంత ప్రేమో అనుకున్నాను. ఎందుకో తిరుగు ప్రయాణంలో తెలిసింది. గతుకుల రోడ్డు మీద వూఫర్లు దెబ్బతినకుండా బస్సులో ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకోవాలి.

రేడియో షాపు సాయిబుగారు బల్ల మీద రకరకాల వూఫర్లు పరిచారు. అన్నయ్య ఒక్కోదాని అట్ట మీద వేలితో కొట్టి చెవి ఆనించి విన్నాడు, పుచ్చకాయ బేరమాడినట్టు. మా ఆయన వెనకున్న అయస్కాంతాల బరువు చూశారు, చేతికొకటి పట్టుకుని, కళ్ళు మూసుకుని. పదిహేనంగుళాలది ఒకటి చాలని అన్నయ్య, పదంగుళాలవి రెండు ఉండాలని మా ఆయన. సాయిబుగారు అన్నయ్యతో మీరన్నదే కరెక్టన్నారు, మా ఆయనతోనూ అదే అన్నారు. చివరికి పై అరలో ఎప్పటినుంచో పడున్న జత ఒకటి కిందికి దించి, ఉఫ్ అని దుమ్ము ఊది, నిన్ననే వచ్చిన సరుకన్నారు. మావాళ్ళకు అది తెగ నచ్చింది.

ఒక్కో వూఫరు వెనక వైర్లు తగిలించే కొక్కేలు రెండున్నాయి. వాటిలో ఒకదాని పక్కన ఎర్ర చుక్క. అదెందుకని అడిగాను. సాయిబుగారు నోరు తెరవబోయారు. ఈలోపే మా ఆయన, ఫ్యాక్టరీలో పరీక్ష చేసినట్టు పెట్టే గుర్తని చెప్పేశారు. సాయిబుగారు నోరు మూసుకుని, టేప్ రికార్డరు శబ్దం పెంచే ఆంప్లిఫయరుతో సహా పొట్లం కట్టారు.

తర్వాత పెట్టె సంగతి వచ్చింది. పెట్టె వణికితే బేసు చెడుతుందని మా ఆయన ఎక్కడో చదివారు. చెక్కన్నది వణుకుతుంది. వణకనిదేమిటని ఇద్దరూ ఒక సాయంత్రమంతా ఆలోచించారు. పల్నాడులో కూర్చుని ఆలోచిస్తే ఏం తోస్తుంది? అన్నయ్య లారీలో నాపరాళ్ళు దిగాయి. రెండు వైపులా, పైనా, కిందా, ముందూ బండలే. సిమెంటుతో అతికారు. వెనక మాత్రం మరలతో బిగించే చెక్క పెట్టారు, చెయ్యి పెట్టడానికి.

ముందు బండకు గుండ్రంగా రెండు బెజ్జాలు కావాలి. అందుకు దుర్గి నుంచి విగ్రహాలు చెక్కే ఆచారిగారిని పిలిపించారు. ఏ దేవుడికని ఆయన అడిగారు. పాటలకని మా ఆయన చెప్పారు. ఆచారిగారు కాసేపు మమ్మల్ని ఎగాదిగా చూసి పని మొదలుపెట్టారు. వట్టి బెజ్జాలు కొట్టడం ఆయనకు మనసొప్పలేదేమో, ఎవరూ అడక్కుండానే చుట్టూ తామరరేకులు చెక్కి వెళ్ళారు.

అలా మా ముందుగదిలో నడుమెత్తు రాతి దిమ్మె ఒకటి వెలిసింది. మా ప్రాంతంలో రాయి నిలబెట్టి ఉంటే దణ్ణం పెట్టకుండా దాటేవాళ్ళు తక్కువ. ఇంటిగలావిడ, నేను పిన్నీ అని పిలిచేదాన్ని, మర్నాడు పొద్దున్నే వచ్చి దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. మా ఆయన ఆఫీసుకు వెళ్ళేదాకా ఆగి తుడిచాను. మర్నాడు మళ్ళీ పెట్టింది.

ఇక వైర్లు. షాపులో ఇచ్చిన సన్న వైరు అన్నయ్య చూసి నవ్వాడు.

"సన్న వైర్లో సన్న సౌండే వస్తది బావా," అని లారీ బ్యాటరీకి వాడే కేబులు తెచ్చాడు. వేలి లావు నల్ల కేబులు. దాని కొన వూఫరు కొక్కేనికి పట్టలేదు. చీల్చి, పీకి, మెలితిప్పి ఎలాగో తగిలించారు. ఏది ఎటు తగిలించాలో చూసుకోవద్దా అని నేను అడిగితే, ఆంప్లిఫయరు నుంచి వచ్చేది ఇంటి కరెంటు లాంటిదేననీ, దానికి ప్లస్సూ మైనస్సూ ఉండవనీ మా ఆయన నాకు పాఠం చెప్పారు. చాలా బాగా చెప్పారు.

క్యాసెట్టు పెట్టారు. పాట వచ్చింది. బేసు మాత్రం లేదు. పాత టేప్ రికార్డరులో ఉన్నంత కూడా లేదు. అంత రాయీ కలిసి గొంతు పట్టేసిన మనిషిలా పలికింది.

ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కరెంటులో ఓల్టేజి తక్కువన్నారు. క్యాసెట్టు మంచిది కాదన్నారు. పిన్ని రాసిన పసుపు వూఫరు అట్టకు తగిలిందన్నారు. నేను అదే గదిలో బియ్యం చెరగడంవల్ల లోపలికి దుమ్ము పోయిందన్నారు. సాయిబుగారు మోసం చేశాడని అన్నయ్య, నువ్వు లారీ కేబులు తెచ్చావని మా ఆయన. ఆ మాట మీద ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. దిమ్మె మీద నేను ఒక గుడ్డ పరిచి, ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నాను. అప్పుడు అది చాలా పనికొచ్చింది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఊడుస్తుంటే దిమ్మె కిందినుంచి తేలు బయటికొచ్చింది. చీపురెత్తేలోపు వెనక చెక్క సందులోంచి లోపలికి దూరింది. మా ఆయన వచ్చేదాకా దాన్ని అలా వదిలేసి వంట చేసుకోలేను కదా. మరలు విప్పి చెక్క తీశాను. కేబుళ్ళు అడ్డంగా ఉంటే పీకి పక్కన పెట్టాను; ఒక వూఫరు చుక్కవైపు కొన రెండోదాని చుక్కలేని వైపు కొనతో కలిసి ఉంది. తేలును చంపాను. కేబుళ్ళు మళ్ళీ తగిలిస్తూ, చుక్క ఉన్నవైపు కొనలు రెండూ ఒక జట్టుగా, చుక్కలేనివి మరో జట్టుగా కలిపాను. నాకేదో తెలిసి కాదు. ముగ్గు పెట్టే చేతికి అలా ఉంటే బాగుంటుందనిపించింది.

సాయంత్రం మా ఆయన ఏదో వినాలని టేపు నొక్కారు. వంటింట్లో గిన్నెలు గలగల్లాడాయి. గోడమీద క్యాలెండరు ఊగింది. మా ఆయన ముఖం చూడాలి. కబురు వెళ్ళగానే అన్నయ్య కూడా పాత అలక మరిచి పరుగెత్తుకొచ్చాడు.

జరిగింది ఇద్దరికీ చెప్పాను. తేలు సంగతి, కేబుళ్ళు పీకిన సంగతి, చుక్కల సంగతి.

"నీ మొహం. రాయి కుదురుకోవడానికి టైం పట్టిందే," అన్నారు మా ఆయన. "కొత్త కోడలు కుదురుకోటానికే ఏడాది పడతది. ఇంత బండకు పట్టదా?"

"రాయి కాదు బావా, కేబులు. చానా కరెంటు పారాక ఇప్పుడు దారి పడింది," అన్నాడు అన్నయ్య.

"ఒకసారి కేబుళ్ళు ముందున్నట్టు తిప్పి పెట్టి చూడండి. తేలిపోద్ది," అన్నాను.

"పనిచేసేదాన్ని కెలకమంటావేంది?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ ఒక్క విషయంలో వాళ్ళకు భేదాభిప్రాయం లేదు.

తర్వాత వారమంతా ఆఫీసువాళ్ళు, లారీవాళ్ళు వచ్చి విని వెళ్ళారు. నేను టీలు పెట్టాను. రాయి కథ కొందరు విన్నారు, కేబులు కథ కొందరు విన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. పిన్ని మాత్రం తన గోడకున్న దేవుడి పటం ఊడిపడిందని వచ్చి, ఆ రాతిని చూసి తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియక వాకిట్లో నిలబడిపోయింది.

విచిత్రమేమిటంటే, వచ్చినవాళ్ళు రావడం మానేశాక మా ఆయన కూడా దాన్ని వినడం తగ్గించారు. బేసు మోగితే తల దిమ్మెక్కుతుందని ఒకనాడు తనే అన్నారు. పాట పెట్టి తను వెళ్ళి అరుగుమీద కూర్చునేవారు.

ఆ పై ఏడు రొంపిచెర్లకు బదిలీ అయింది. దిమ్మెను లారీ ఎక్కించబోతే ఎంతమంది పట్టినా కదల్లేదు. వూఫర్లు మాత్రం విప్పుకున్నారు. అప్పుడు మళ్ళీ వచ్చింది తగువు, బేసు ఎవరివల్ల వచ్చిందని. పొలం పంచుకున్నట్టు చెరొకటి తీసుకున్నారు. ఒంటిగా ఏ ఒక్కటీ సరిగా పలకలేదు, అయినా ఇద్దరిలో ఒక్కరూ రెండోది ఇమ్మని అడగలేదు. రాతి పెట్టెలో పిన్ని పిడకలు దాచుకుందని తర్వాత విన్నాను. పిడకలకు చెమ్మ తగలడం లేదని చాలా మెచ్చుకుందట.

రొంపిచెర్ల ఇంట్లో టేప్ రికార్డరు నా వంటింటి గూట్లోకి చేరింది. మా ఆయన దాని జోలికి రాలేదు. అన్నం ఉడుకుతుంటే నాకు నచ్చిన పాట పెట్టుకునేదాన్ని. డప్పూ లేదు, గుండెల్లో దరువూ లేదు. పాటలో ప్రతి మాటా వినపడేది.