గడ్డాలు అంటించే కోటయ్య

సినిమాల్లో మునులకు, ముసలి రాజులకు గడ్డాలు అంటించడం కోటయ్య పని. ఫిల్మ్‌నగర్‌లో ముప్పై ఏళ్లు ఆ పనే చేశాడు. ఒకరోజు మందు దొరక్క, గడ్డం అంటించే ముందు ముఖం తుడిచే స్పిరిట్ తాగేశాడు. ప్రాణం దక్కింది గాని ఎడమకన్ను పోయింది.

ఆసుపత్రి నుంచి రహమత్ నగర్‌లోని ఓ ఇంటికి చేరాడు. తాగుడు మానినవాళ్లు మళ్లీ పనిలో కుదురుకునేదాకా అక్కడ కలిసి ఉంటారు. ఆ ఇంటిని చూసుకునే భూలక్ష్మి భర్త తాగుడుతోనే పోయాడు.

ఏడు నెలలకు షూటింగ్ నుంచి పిలుపొచ్చింది. మేకప్ గదిలో స్పిరిట్ మూత తీయగానే కోటయ్యకు నోరూరింది. భయపడి బయటికొచ్చి భూలక్ష్మికి ఫోన్ చేశాడు.

"నావల్ల కాదమ్మా. తాగేస్తానేమో."

"ఫికర్ చెయ్యకన్నా. గాడనే ఉండు, నేనొస్తున్న."

ఆమె ఆటోలో వచ్చి, సీసా తన చేతిలో పట్టుకుని పక్కన కూర్చుంది. అడిగినప్పుడల్లా దూది తడిపి ఇచ్చింది. ఆమె ఎవరని, గడ్డం కోసం కూర్చున్న ముసలి నటుడు అడిగితే కోటయ్య దాచలేదు.

"నేను తాగుబోతునండీ. మానేసి ఏడు నెలలైంది. నాకు కాపలా వచ్చింది."

ఆ పెద్దాయన, ఇక అంటించమన్నట్టు ముఖం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు.

ఆ వారమంతా భూలక్ష్మి వచ్చింది. తర్వాతి వారం కోటయ్య ఒక్కడే వెళ్లాడు.