గ్రహణం పూట పట్టిన కత్తెర

మా చిన్నప్పుడు... మామిడికుదురు దగ్గర మా హైస్కూల్లో పదో తరగతి ఆడపిల్లలకి కుట్టు కోర్సు ఉండేది. పేరుకి 'దుస్తుల డిజైనింగు'. ఉన్నవి మాత్రం కాలితో తొక్కే మిషన్లు నాలుగు, ఓ పొడుగాటి బల్ల, గోడకి కొలతల పటం. నేర్పేది సుగుణ టీచర్ గారు. అప్పుడావిడ కడుపుతో ఉన్నారు.

ఆ రోజు సాయంత్రం సూర్యగ్రహణం. హెడ్మాస్టారు బడి ముందే వదిలేశారు. ప్యూను కిటికీలన్నీ మూసేశాడు. నేను ఒక్కదాన్నే కుట్టు గదిలో ఉండిపోయాను. పంద్రాగస్టు దగ్గర పడింది, మేం కుట్టినవన్నీ ప్రదర్శనలో పెడతారు... నా జాకెట్టు అవ్వలేదు మరి!

చేతులు అతకబోతే ఒకటి కుదిరింది. రెండోది ఎటు తిప్పినా కుదరదే! టీచర్ గారు వచ్చి చూసి తల పట్టుకున్నారు.

"రెండూ కుడి చేతులే కోసేవేంటే తల్లీ! మరి ఎడం చేతికి ఏం తొడుక్కుంటావు?"

గుడ్డ మడతపెట్టి రెండు చేతులూ ఒక్కసారే కత్తిరించాలి. తొందరలో నేను విడివిడిగా కోసేశాను. మిగిలింది చిన్న ముక్క. అదీ పాడైతే ఇక జాకెట్టు లేదు.

"నువ్వు ముట్టుకోకు, నేను కోసిస్తాను. గ్రహణానికి ఇంకా టైముందిలే" అని ఆవిడే కత్తెర అందుకున్నారు.

కిటికీ చెక్కకి ఓ మేకు చిల్లు ఉంది. అందులోంచి ఎండ బల్ల మీద పావలా బిళ్ళంత గుండ్రంగా పడేది. కత్తెర కరకరా నడుస్తోంది... నేను ఆ ఎండ మచ్చ కేసి చూశాను. గుండ్రంగా లేదు. జామకాయ కొరికినట్టు ఓ పక్క లేదు!

పొద్దున్నే సైన్సు మాస్టారు అట్టకి చిల్లు పెట్టి చూపించారు, గ్రహణం పడితే ఎండ ఇలాగే పడుతుందని.

"టీచర్ గారండీ... పట్టేసిందండీ!"

కత్తెర ఠంగుమని బల్ల మీద పడింది. ఆవిడ మొహం పాలిపోయింది. చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. మూఢనమ్మకాలు వద్దని మాకు చెప్పే మనిషేనండీ ఆవిడ!

"మా అత్తయ్యగారికి తెలియనివ్వకే... నీకు పుణ్యముంటుంది" అన్నారు.

కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణం పూట కత్తీ కత్తెరా ముట్టుకుంటే బిడ్డ పై పెదవి చీలి పుడుతుందని మా వైపు నమ్మకం. గ్రహణమొర్రి అంటారు. వినడమే కాదు, రోజూ చూసేవాళ్ళం. చేపలు తెచ్చే మంగ కూతురికి అలాగే ఉండేది. ఐదేళ్ళ పిల్ల... తల్లి చెంగుతో నోరు కప్పుకుని వెనకే నడిచేది. మా అమ్మ బేరమాడుతూనే అనేసేది, "గ్రహణం పూట చేపలు కోసిందిట, చేతులారా చేసుకుంది" అని. మంగ తల వంచుకుని పొలుసు గీసుకునేది.

ఆ రోజు నుంచి మంగ కేక వినపడితే చాలు, నా గుండె గుభేలుమనేది. ఆ పిల్లని చూస్తే టీచర్ గారి బిడ్డే కళ్ళ ముందు కనపడేది. నేను సరిగ్గా కోసి ఉంటే ఆవిడ కత్తెర పట్టేవారే కాదు కదా! అన్నం సయించేది కాదు. ఎక్కడో జడుసుకుందని అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. దిష్టికి పోయే భయమా అది...

క్లాసులో టీచర్ గారు మళ్ళీ కత్తెర ముట్టలేదు. సుద్దతో గీత గీసి మా చేతే కోయించేవారు. ఎందుకో నాకొక్కదానికే తెలుసు. పొరపాటున చూపులు కలిస్తే ఇద్దరం మొహాలు తిప్పేసుకునేవాళ్ళం.

టీచర్ గారు పురిటికి పుట్టింటికి వెళ్ళారు. మగపిల్లాడని కబురొచ్చింది. మొహం ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు... అడగడానికి నాకు నోరు రాలేదు.

మూడో నెలలో బాబుని తీసుకుని అత్తారింటికి వచ్చారు. అమ్మతో నేనూ వెళ్ళాను. ఉయ్యాల దగ్గర కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని... అప్పుడు చూశాను.

ఏమీ లేదు! నిండు పెదవి, బోసినవ్వు. అమ్మయ్య! నాకు ఏడుపొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే మంగ వచ్చి గుమ్మం ముందు బుట్ట దింపింది, వెనకాలే కూతురు. టీచర్ గారి అత్తగారు మురిసిపోతూ అన్నారు.

"చూసేవా మంగా! గ్రహణం పూట మా కోడలు కత్తెర ముట్టలేదు. నీలాగ కాదు. అందుకే నా మనవడు చందమామలా పుట్టేడు."

"ఆయ్... నిజవేనండీ. నా కర్మండీ" అంది మంగ. పిల్ల చెంగు ఇంకాస్త పైకి లాక్కుంది.

టీచర్ గారు ఆ పిల్లని చూశారు. తర్వాత నన్ను చూశారు. అత్తగారంటే ఆవిడకి ఎంత హడలో నాకు తెలుసు.

"ముట్టుకున్నానండీ అత్తయ్యగారూ. గ్రహణం పట్టేక కూడా గుడ్డ కోసేను. ఇదిగో, ఈ పిల్లే సాక్ష్యం."

"ఆయ్... అవునండీ" అన్నాను.

అత్తగారు ఉయ్యాలలోకి వంగి బాబు పెదవి తడిమి చూశారు. మా అమ్మ బాబుని, మంగ కూతురిని మార్చి మార్చి చూసింది. మంగ చేతిలో చేప జారి బుట్టలో పడిపోయింది.

"మరయితే... నా పిల్లకి... నా వల్ల కాదాండీ?"

"కాదు మంగా. నీ వల్ల కాదు."

మంగ అక్కడే నేల మీద కూలబడి భోరుమంది. ఆ పిల్ల నోటికి అడ్డం పెట్టుకున్న చెంగు తీసి, దాంతోనే తల్లి కళ్ళు తుడిచింది. ఆ మొహం చూసి నాకు భయం వెయ్యకపోవడం అదే మొదటిసారి.

ఆ పెదవికి ఆపరేషన్లు అప్పటికే ఉండేవేమో, మాకు తెలీదు. ఇప్పుడు అందరికీ తెలుసు. మా కుట్టు గదిలో మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయట, కిటికీలకి అద్దాలు పెట్టారట... ఆ మేకు చిల్లు ఇక లేదు.

మీ వీధిలోనూ ఓ మంగ ఉండే ఉంటుంది... 'నీ వల్ల కాదమ్మా' అని ఆవిడకి ఎవరైనా చెప్పేరా అండీ?