విప్పని సద్దిమూట

మా ఊరి మందిరంలో పిల్లలకు కథలు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టింది నేనే. ఒకప్పుడు ఆ మాట గర్వంగా చెప్పుకునేదాన్ని.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్నదంతా నరసరావుపేట గ్రంథాలయంలోనే. జాకెట్లు కుట్టడానికి లైనింగు గుడ్డ కొనబోయినప్పుడల్లా సంచిలో రెండు పుస్తకాలు కూడా తెచ్చుకునేదాన్ని. అందుకే పాస్టరుగారు, "ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి ఓ గంట బైబిలు కథలు చెప్తావా అమ్మా?" అని అడిగినప్పుడు, నాకంటే తగినవాళ్లు ఊళ్లో ఎవరున్నారనుకున్నాను. కథలు ఎలా చెప్పాలో వివరించే పుస్తకం వెతికి తెచ్చి నోట్సు రాసుకున్నాను. పిల్లలు నన్ను టీచర్ అనాలన్నాను. చార్టు మీద నియమాలు రాసి గోడకు అంటించాను. చేతులు కట్టుకోవాలి. అల్లరి చేయకూడదు.

ఊ కొట్టకూడదన్నది తర్వాత కలిపాను. మొదటి ఆదివారం యోనా కథ ఎత్తుకోగానే పిల్లలు ప్రతి వాక్యానికీ "ఊ" అనడం మొదలుపెట్టారు. ఇంట్లో కథ వినే అలవాటు అది. నాకు మాత్రం మందిరంలో గోలలా అనిపించి ఆపమన్నాను.

చాప చివర నుంచి ఒకావిడ నవ్వింది. "ఊ లేకపోతే కథ ఎట్టా నడుస్తదే?"

ఆమె మా వీధి చివరింటి మనిషి. చుట్టం కాకపోయినా నేను పెద్దమ్మా అంటాను, పిల్లలకు మామ్మ. చదువు రాదు. మనవరాలిని తీసుకొచ్చి అక్కడే కూర్చునేది. ఆమె మాటకు పిల్లలూ నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

మూడో ఆదివారం నోట్సు ఇంట్లో మరిచిపోయి, తీసుకురావడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెద్దమ్మ తప్పిపోయిన గొర్రె కథ చెబుతోంది.

"ఎండ మాడిపోతంది. నాపరాళ్ల మీద కాలు పెడితే బొబ్బలే."

"ఊ."

"అంతా ఎతికాడు. గొర్రె లేదు. ఆకలైతంది. సద్దిమూట ఇప్పబోయాడు. అది తినకుండా నేనెట్టా తినేది అనుకోని, మళ్లా బుజానేసుకున్నాడు."

"ఊ!"

నా చార్టు కిందే కూర్చుని, అందరూ ఒక్క గొంతుతో. నా కథను ఏ పిల్లా అంత ముందుకు వంగి వినలేదు.

"పెద్దమ్మా, బైబిల్లో సద్దిమూట లేదు," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "అక్షరం రానోళ్లు వాక్యం చెప్తే ఇట్టాగే ఉంటది."

ఆమె కొంగు తలమీదికి సర్దుకుంది. "నిజమేలేమ్మా. నేను విన్నది చెప్పా. చదివింది కాదుగా." మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

"గొర్రె దొరికిందా టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. నేను బైబిలు తెరిచి మిగతాది చదివాను. ఎవరూ ఊ కొట్టలేదు. నా నియమం అమలైంది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు పెద్దమ్మ అసలు ఆరాధనకే రాలేదు. జ్వరమొచ్చినా మానని మనిషి. ఆమెకు ఏమైందని పాస్టరుగారు అడిగితే, తెలియదన్నాను. మందిరంలో నిలబడే అబద్ధమాడాను.

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లాను. వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"ఎడంగా కూర్చోవే, కళ్లు మండుతయ్యి."

తప్పయిందన్నాను. మందిరానికి రమ్మన్నాను. ఆమె తలెత్తలేదు.

"ఆ గొర్రె కథ నాకు ఎవురు చెప్పారనుకున్నావు? నువ్వే. లంగా జాకెట్లో ఉండేదానివి. ఆడోళ్ల ప్రార్థన కూటంలో చదవటం నీకొక్కదానికే వచ్చు. నీతోనే మూడుసార్లు చదివించుకున్నా."

గుర్తొచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే, నేను తడబడ్డ ప్రతిచోటా ఎవరో ఊ కొట్టేవారు. ఆ ఊ పట్టుకునే తర్వాతి మాటకు వెళ్లేదాన్ని. ఆ గొంతు ఈమెదే. గ్రంథాలయం సంగతి నాకు తెలియక ముందే నా చదువు విన్న మనిషి.

"మరి సద్దిమూట?" అన్నాను, మెల్లగా.

"అది నేనే కలిపా. మీ పెదనాన్న గొర్లు కాసేటోడు కదా. ఒకటి తప్పిపోతే అన్నం ముట్టేటోడు కాదు."

మళ్లీ తప్పయిందన్నాను.

"పిల్లల ముందర అంటివి. ఇప్పుడొచ్చి మిరగాయల ముందర తప్పయిందంటే సరిపోద్దా?"

ఆదివారం పెద్దమ్మ వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. పక్కన పాస్టరుగారు. నేను పిల్లల ముందు నిలబడి, "మొన్న ఇక్కడొక పొరపాటు జరిగింది," అన్నాను. పుస్తకాల్లో నేర్చిన వాక్యం అది, అందులో తప్పు చేసినవాళ్లు కనపడరు.

"ఎవురు చేశారు టీచర్?" అంది ఆమె మనవరాలు.

"నేనే. చదువు రాదని మామ్మను చులకన చేశాను. ఆమె ఎందుకు రావట్లేదో తెలిసీ పాస్టరుగారికి తెలియదని చెప్పాను." పాస్టరుగారు తల దించుకున్నారు. నాకు దించుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

పెద్దమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చి చాప మీద కూలబడింది. "ఎందాక వచ్చాంరా?"

"సద్దిమూట కాడికి!"

నేను వెళ్లి చాప చివర, ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. ఆమె మొదటి మాట అనగానే పిల్లలందరూ "ఊ" అన్నారు. నేనూ అనబోయాను. మొదటిదానికి అందుకోలేకపోయాను, రెండోదానికి అన్నాను.