మా పేరుతో వచ్చిన యాప్

నిన్న కుప్పం రైల్వే స్టేషన్లో పక్క బెంచీ మీది పెద్దాయన జేబులో ఆవు మెడగంట మోగింది. అది ఫోను. పుంగనూరులో ఒక దూడ మెడలోని గంటను రికార్డు చేసి మా యాప్‌లో పెట్టింది సుగుణ మేడమే. ఆయన ఆవుల టీకా సందేశం చూసుకొని ఫోను జేబులో వేసుకున్నాడు. రైలు వచ్చేదాకా నా కళ్ల ముందు మేడమే ఉన్నారు.

అంగళ్లు ఊరి కాలేజీలో ఇంజనీరింగ్ చదివిన నాకు మొదటి ఉద్యోగమిచ్చింది ఆమె. బెంగళూరు కంపెనీ వదిలి వచ్చి, మదనపల్లెలో టైలరు అంగడి పైన చిన్న ఆఫీసు పెట్టారు. పశువులు పెంచేవాళ్ల కోసం మేం చేసిన యాప్‌ను మిట్టమధ్యాహ్నం మిద్దెమీదికి తీసుకెళ్లి, కళ్లు చికిలించి చూసేవారు. "ఎండలో కనపడకపోతే రైతుకు యాలమ్మా ఇది?" అనేవారు.

విడుదల రోజు యాప్ స్టోర్ మా ప్యాకేజీ పేరును తీసుకోలేదు. ఆ పేరు ఒక్కో యాప్‌కు ఒక్కటే ఉంటుంది, ఒకరు తీసుకుంటే ఇంకొకరికి దొరకదు. సాధారణంగా సొంత వెబ్‌సైటు పేరులోని మాటలనే వెనకనుంచి ముందుకు తిప్పి పెడతారు. మా వెబ్‌సైటు పేరుతో ఎవరో అప్పటికే ఒక యాప్ పెట్టేశారు. ఆ వెబ్‌సైటు నీదేనా అని వాళ్లను అడిగినవాళ్లే లేరు.

"ఒక అక్షరం కలిపి పెట్టేద్దాం మేడమ్" అన్నాను. ఆమె సరేననబోతుండగా మునియప్ప ఫోను చేశాడు. పుంగనూరు దగ్గర ఆవులు పెంచేవాడు, మాకు మొదటినుంచీ తెలిసినవాడు. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి యాప్ వేసుకున్నాడట. అప్పటినుంచి అతని పేరుతో బంధువులందరికీ దుడ్డు అడుగుతూ సందేశాలు పోతున్నాయట.

వెంటనే బయలుదేరాం. మునియప్ప పశువుల కొట్టం ముందు తల వంచుకొని కూర్చున్నాడు.

"లింకులో మీ పేరు సూసే కదమ్మా నొక్కినా" అన్నాడు.

అది మేం పెట్టింది కాదని చెప్పబోయాను. మేడమ్ నా చెయ్యి నొక్కారు.

"పేరు మాదే మునియప్పా. జవాబు మేమే చెప్పుకోవాల."

ఆ యాప్ తీసేసి, అతని బంధువులకు ఒక్కొక్కరికీ తానే ఫోను చేశారు. "ఆ దుడ్డు అడిగింది మునియప్ప కాదప్పా. ఎవురూ పంపించొద్దండి." ఆఖరికి మునియప్ప లేచి, "సంగటి తిని పోండమ్మా" అన్నాడు.

తిరుగు బస్సులో మేడమ్ గట్టిగా అన్నారు. "వెబ్‌సైటు ఎవురిదో సూడకుండా స్టోర్ ఆ పేరు ఇయ్యనేకూడదు."

నేను ఊరుకోలేకపోయాను. "కాలేజీలో నాకు వెబ్‌సైటే లేదు మేడమ్. అట్ల అడిగింటే నా మొదటి యాప్ వచ్చేదే కాదు."

ఆమె నా వైపు తిరిగారు. "నిజమేమ్మా. ఏమీ లేని పిల్లోళ్లను ఆపగూడదు. వాళ్లకు స్టోరే ఒక పేరు ఇయ్యనీ. ఇంగొకరి వెబ్‌సైటు పేరు పెట్టేవాళ్లనన్నా, అది మీదేనా అని అడగాల గదా?"

మర్నాడు స్టోర్‌కు పంపిన ఫిర్యాదులో నేనన్న ఆ మాట కూడా రాశారు. "ఈ అభ్యంతరం మా ఇంజనీరు లలితది, న్యాయమైనది" అని నా పేరు పెట్టారు. కొన్నాళ్లకు ఆ దొంగ యాప్‌ను తీసేశారు. ఆ పేరు మాత్రం మాకు దక్కలేదు. వేరే పేరుతోనే విడుదల చేశాం.

మేడమ్ ఇప్పుడు లేరు. కుప్పం ఆఫీసులో నా దగ్గర పనిచేసే పిల్లలు నా మాటకు ఎదురుచెబితే నాకు ముందు కోపమే వస్తుంది. అయినా, "ఇంకొంచెం చెప్పమ్మా" అంటాను. వాళ్ల మాట సరైనదైతే, పైవాళ్లకు వాళ్ల పేరుతోనే రాస్తాను.