మా ఇంటికి లైన్‌మన్ అన్న కలిపిన ఆఖరు లైను

అందరూ బాగున్నారా? గూడూరులో లైన్‌మన్ అన్నతో కలిసి పనిచేసిన పెద్దవాళ్ళూ, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? స్తంభాలు ఎక్కి దిగిన కాళ్ళు గదా, నొప్పులన్నీ ఈ వయసులోనే బయటపడతాయి. ముత్తుకూరులో ఉన్న ఆయన తోడల్లుడుగారికి దగ్గు తగ్గిందా? అల్లూరులో రొయ్యల గుంటల మీద పనికి పోయే మా వీధివాళ్ళు కాళ్ళు తడి తుడుచుకుని నూనె రాసుకుంటున్నారా, లేక అట్లాగే పడుకుంటున్నారా? ఇది చదివే ఆడపిల్లలు వేళకు తింటున్నారా? అందరినీ అడగందే నాకు మాట సాగదు. ఏమీ అనుకోకండి.

మీకందరికీ తెలిసిన కబురే మళ్ళీ రాస్తున్నాను. మా పక్కింటి లైన్‌మన్ అన్న పోయిన నెల చనిపోయారు. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలి, ఫ్యాను కొంచెం తగ్గించమని వదినతో చెప్పారట. వదిన స్విచ్చి దగ్గరకు పోయి వచ్చేలోపల అంతా అయిపోయింది. ఒక్క రోజు ఆసుపత్రిలో పడుకోలేదు, ఒక్క సూది గుచ్చించుకోలేదు. నేను బాగా ఏడ్చాను. ఏడుస్తూనే, కష్టపడకుండా వెళ్ళారు గదా అని గుండె కొంచెం తేలికపడింది. రెండూ నిజమే.

ఆయన గుర్తుగా వేసే ఈ చిన్న పుస్తకంలో నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు నాది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల ఊళ్ళకు టెలిఫోను తీగలు లాగారు. తుపానుకు స్తంభాలు పడిపోతే మోకాలి లోతు నీళ్ళలో నడిచి లైను కలిపి వచ్చేవారు. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు గేటు బయటే విడిచేవారు. ఏ తీగ పట్టుకున్నా ముందు దాని కొస మీద ఉఫ్ అని ఊదేవారు. పని పూర్తయ్యేదాకా టీ ముట్టేవారు కాదు. మేము కంగారుపడుతూ చుట్టూ మూగితే, "ముందు కూర్చోండమ్మా. మీరు కూర్చుంటే నాకు సగం లైను కలిసినట్టే" అనేవారు. ఆ మాట నాకే ఎక్కువసార్లు చెప్పి ఉంటారు.

ఇక్కడ నా చెల్లెలి సంగతి చెప్పాలి. దానికి పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు, మాట రాదు. బడికి పంపలేదు కాబట్టి అక్షరం కూడా రాదు. చిన్నప్పుడు మేమిద్దరం చేతులతో ఒక భాష చేసుకున్నాము. అమ్మ అంటే ముక్కుపుడక, వాన అంటే కొంగు పిండడం, ఇట్లా. అది పుస్తకాల్లో ఉన్న సైగల భాష కాదు, మా ఇద్దరిదే. దాని కూతురికి కూడా అందులో సగమే తెలుసు. చెల్లెలు కాపురానికి గూడూరు వెళ్ళాక, ఎదురుగా కూర్చున్నప్పుడే మాకు మాటలు. మిగతా రోజులన్నీ నాకు దిగులే.

మా ఇంటికి మొదటిసారి ఫోను పెట్టిన రోజు అది ఇక్కడే ఉంది. లైన్‌మన్ అన్న గంట మోగించి చూస్తుంటే, అది వచ్చి ఆ నల్ల ఫోను మీద అరచేయి ఆనించింది. గంట అదురు చేతికి తగిలినట్టుంది, ఆయన ముఖంలోకి చూసి నవ్వింది. ఆయన నవ్వలేదు. సామాను సంచిలో సర్దుకుని, ఆ రోజు టీ తాగకుండానే వెళ్ళిపోయారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పోయిన వేసవిలో చెల్లెలి కంటికి శుక్లం ముదిరిందన్నారు. ఎడమ కన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. మిగిలింది కుడి కన్ను ఒక్కటే, ఆపరేషను దానికే. చెవులు లేని మనిషికి ఆ కన్నే చెవి. అది పోతే ఇక నా చేతులు దానికి కనపడవు. ఈ లోకంలో దానితో మాట్లాడే దారే ఉండదు. బుధవారం ఆపరేషను, గురువారం పొద్దున కట్టు విప్పడం. నేనేమో బాత్‌రూములో పడి తుంటి ఎముక చిట్లి, బస్సు ఎక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పిన మనిషిని. చెల్లెలి కూతురు "అమ్మకేం కాదులే పెద్దమ్మా" అని రోజూ ఫోను చేసేది. ఏం కాదన్న ప్రతిసారీ నాకు ఇంకా భయం వేసేది. కంటితో చూస్తే గాని నమ్మలేను. వీడియో పెడదామంటే మా ఇంట్లో సెల్లుకు సిగ్నలు ఒక్క గీత. బొమ్మ వచ్చినట్టే వచ్చి నిలబడిపోతుంది. చెయ్యి సగం లేచి ఆగిపోతే, అది వాన అంటోందో వద్దు అంటోందో ఎవరు చెప్పగలరు?

అందుకని సోమవారం వైఫై పెట్టించాను. కేబుల్ ఆయన వచ్చి, సన్నటి తీగ లాగి, హాల్లో అరమీద తెల్ల డబ్బా ఒకటి పెట్టి, పాస్‌వర్డ్ డబ్బా అడుగున ఉందని చెప్పాడు. ఇంతలో కరెంటు పోయింది. కరెంటు వచ్చాక ఫోనులో కొట్టుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. కరెంటు వచ్చింది గాని ఫోను మాత్రం కలవలేదు. మంగళవారమంతా కలవలేదు. బుధవారం పొద్దున, అక్కడ చెల్లెల్ని లోపలికి తీసుకెళ్ళే వేళకు, నేను గోడ మీదుగా లైన్‌మన్ అన్నను కేకేశాను.

ఆయన హాలంతా చూసి, "ఏదమ్మే డబ్బా?" అన్నారు.

నేను నడుముకున్న తాళంచెవి తీసి ఇనప బీరువా తెరిచాను. చీరల మధ్యన, తువ్వాలు చుట్టుకుని ఉంది డబ్బా.

"బీరువాలో పెట్టినావా? పెట్టి తాళం కూడా ఏసినావా?"

"ఉప్పుగాలికి తుప్పు పడుతుందేమోనని అన్నా. మన ఊళ్ళో ఏ వస్తువు నిలిచింది చెప్పు? పైగా దాంట్లోంచి ఏవో కిరణాలు వస్తాయంట, అవి తగలకుండా ఉంటాయని."

"తాళమేసిన ఇనప పెట్టెలోంచి సిగ్నలు యాడికి పోతుంది చెల్లెమ్మా? మూడు దినాలుగా నీ పట్టుచీరలతో కబుర్లు చెప్పుకుంటా ఉంది."

డబ్బా మళ్ళీ అరమీదకు వచ్చింది. దాని మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఆయన పీట వేసుకుని కూర్చుని తీగంతా వేలితో తడిమారు. బీరువా తలుపు సందులోంచి లాగినచోట అది మడత పడి ఉంది. రాగి తీగ అయితే ఎలా మడిచినా ఆయనకు భయం లేదు. ఇది అలవాటు లేని తీగ. గూడూరులో ఉన్న పాత స్నేహితుడికి ఫోను చేసి అడిగారు. "లోపల గాజు పోగంట, మడిస్తే పలకదంట" అని నాకు చెప్పి, పసిబిడ్డ వేలు విప్పినట్టు ఆ మడత విప్పారు. కొస తీసి, ఉఫ్ అని ఊది, మళ్ళీ గుచ్చారు. కొంచెం సేపటికి ఎరుపు ఆరి పచ్చ లైటు వచ్చింది.

"డెబ్బై ఆరేళ్ళకు కొత్త ఉద్యోగం ఇచ్చినావు నాకు" అన్నారు. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన సంతోషం నేను మరిచిపోలేను. "ఇంక పాస్‌వర్డ్ చెప్పు."

నేను కొంగు సర్దుకున్నాను.

"ఏం మే, చెప్పు."

"ఎవరికీ చెప్పకూడదంట అన్నా. బ్యాంకులో ఎన్నిసార్లు చెప్పినారో."

"అది బ్యాంకుది. సరే, నాకు చెప్పబాకలే. నువ్వే కొట్టు."

"నాకూ తెలియదు. ఎవరన్నా చూస్తారని ఆ చీటీని తడిగుడ్డ పెట్టి గీకేసినాను."

ఆయన డబ్బా తిప్పి చూశారు. అడుగున తెల్లటి చీటీ మచ్చ తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపు వచ్చింది. నా జాగ్రత్తే నా చెల్లెలి చేతులకు అడ్డం పడిందని, రేపు కట్టు విప్పేసరికి అది నన్ను వెతుక్కుంటుందని, నేను కనపడనని. ఇదంతా ఒక్క ఊపిరిలో అనేశాను.

"ముందు కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆయన డబ్బాను మళ్ళీ అరమీద పెట్టారు. తరువాత మెల్లగా, "ఊరంతటికీ మాట మోసినాను చెల్లెమ్మా. ఆ ఫోను మీద చెయ్యి పెట్టి నవ్వింది చూడు, ఆ బిడ్డకు ఒక్క మాట మోయలేకపోయినాను. ఇది కలిపే పోతా" అన్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు టీ ఎందుకు తాగలేదో.

"ఇది వచ్చిన అట్టపెట్టె ఉందా, పారేసినావా?"

నేనా, పారేయడమా? అటక మీద ఉంది, నిండా సగ్గుబియ్యం వడియాలతో. వదిన వచ్చి దించింది. వడియాలు చాటలో గుమ్మరించి పెట్టె తిప్పితే, పక్కన అదే చీటీ ఇంకొకటి అంటించి ఉంది. ఆయన కళ్ళజోడు పైకెత్తుకుని ఒక్కో అక్షరం చదవడం, నేను ఒక్కో అక్షరం కొట్టడం. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి కలిసింది. నేను పొయ్యి వెలిగించబోతే, "రేపు ఆ పాప కళ్ళు తెరిచినాకే టీ" అని వెళ్ళిపోయారు.

గురువారం పొద్దున పదకొండు గంటలకు చెల్లెలి కూతురు వీడియో చేసింది. లైన్‌మన్ అన్నా వదినా మా ఇంట్లోనే ఉన్నారు. తెరలో నా చెల్లెలు. నల్ల కళ్ళద్దాలు తీసి కూర్చోబెట్టారు. నేను చేతులెత్తి, నొప్పిగా ఉందా అని అడిగాను. కదలలేదు. తిన్నావా అని అడిగాను. కదలలేదు. ఆ కన్ను నా వైపే ఉంది గాని నన్ను చూస్తున్నట్టు లేదు. నా చేతులు ఒళ్ళో పడిపోయాయి.

అప్పుడది ముఖం ఫోనుకు దగ్గరగా తెచ్చింది. ఇంకా దగ్గరగా. ఉన్నట్టుండి రెండు చేతులతో గుండె పట్టుకుని, నోరు తెరిచి, కన్ను పెద్దది చేసింది. అది నా పేరు. అరవై ఏళ్ళుగా అది నన్ను పిలిచే పేరు అదే, గుండె పట్టుకునే మనిషి అని. ఆ వెంటనే నా భుజం వైపు వేలు చూపించి పడీ పడీ నవ్వింది. చూసుకుంటే, హడావిడిలో జాకెట్టు తిరగేసి తొడుక్కున్నాను. కుట్లన్నీ పైకే ఉన్నాయి. ఆసుపత్రిలో కూర్చుని ఆ కుట్లు చూసింది నా తల్లి!

లైన్‌మన్ అన్న ఏ లైను కలిపినా "హలో, వినపడతా ఉందా?" అని అడిగేవారు. ఆ రోజు నా వెనక నుంచి తొంగిచూసి, "ఏమ్మా, కనపడతా ఉందా?" అని అడిగారు. అది తల ఊపింది. ఆయన పెదవులు చూసి ఊపిందో, ముఖం చూసి ఊపిందో. ఆయన రెండు గ్లాసుల టీ తాగారు.

ఆ తరువాత మా అక్కాచెల్లెళ్ళకు రోజూ మాటలే. ఆయన కూడా అప్పుడప్పుడు గోడ మీద నుంచి, "పలుకుతా ఉందా?" అని అడిగేవారు.

ఆయన పోయాక నాకు ఇంకో దిగులు పట్టుకుంది. ఆ డబ్బాతో పెనుగులాడడం వల్లనే ఆయనకేమన్నా అయిందేమోనని. కొన్నాళ్ళు మింగుకుని, చివరికి వదినతోనే అనేశాను. వదిన ఏడుపు ముఖంతోనే నన్ను కసిరింది. "ఏం మాటలు అవి? ఆ డబ్బా కలిపిన దినం ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మూడు నెలలు ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన గుండెకు ఎప్పటి నుంచో ఉంది జబ్బు, మందులు నేనే ఇచ్చేదాన్ని. నీ భయాలన్నీ నీ బీరువాలో పెట్టి తాళమేసుకోపో!" ఆ తిట్టు తిన్నాక గాని నాకు నిద్ర పట్టలేదు.

చెల్లెలికి ఈ కబురు చెప్పడానికి మాత్రం చేతులు రాలేదు. చావుకు మా భాషలో ఒక సైగ ఉంది. అమ్మ పోయినప్పుడు చేసుకున్నాము, మళ్ళీ చేయబుద్ధి కాలేదు. పెద్దకర్మ నాడు వదిన గాజులు తీసేసింది. వాళ్ళ మనవరాలు వద్దని గొడవ పెట్టుకున్నా వదిన వినలేదు. మొన్న చెల్లెలితో మాట్లాడుతుండగా వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. మామూలుగానే చెయ్యెత్తి పలకరించింది. అంతే, చెల్లెలి కన్ను వదిన మణికట్టు మీద ఆగింది. చేతుల్ని చదివే మనిషికి వేరే కబురు ఎందుకు? చాలాసేపు అట్లాగే చూసింది. తరువాత నన్ను వదిలేసి, వదినతోనే చేతులు కదిపింది.

"ఏమంటా ఉంది?" అంది వదిన.

"నీ దగ్గరకు వస్తుందంట. వచ్చి నీతోనే ఉంటుందంట నాలుగు దినాలు."

"ఎప్పుడు?"

నేను చేతులతో అడిగితే, చెల్లెలు ఎడమ అరచేతిలో నూనె పోసుకున్నట్టు చేసి, ఆ చేతిని నడినెత్తిన పెట్టి రుద్దుకుంది. తలంటు రోజు. మా చిన్నప్పటి ఆదివారం అది.

వదినకు మా భాష రాదు. అయినా నా వైపు తిరగలేదు. తెరలోకే చూస్తూ, ఖాళీగా ఉన్న తన చెయ్యి మెల్లగా ఎత్తి, నడినెత్తిన పెట్టుకుని రుద్దుకుంది. అటు చెల్లెలు సరేనని తల ఊపింది. వచ్చే ఆదివారం, గూడూరు నుంచి మొదటి బస్సుకు.